స్నేహ నాణెం, కొండమేక కాపరి

మన దేశానికీ ఒక మిత్రదేశానికీ ఉన్న చిరకాల స్నేహానికి చిహ్నంగా రెండు రూపాయల నాణెం విడుదల చేస్తామని 1983 నవంబరులో మా మంత్రిగారు ప్రకటించారు. ఒకే నాణెం మీద మన జాతీయ పక్షి నెమలి, వాళ్ల జాతీయ జంతువు కొండమేక. పత్రికలు మొదటి పేజీలో వేశాయి. ఆ దేశం ఎక్కడుందో మా ఆఫీసు గోడమీది మ్యాపులో వెతికాం కానీ, మ్యాపును వేలాడదీసిన సీల సరిగ్గా అక్కడే దిగబడి ఉంది.

నేను ఢిల్లీలో ఆ మంత్రిగారి శాఖలో స్టెనోని. నాణెం ఫైలు మా డిప్యూటీ సెక్రటరీ త్యాగరాజుగారిది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. తోటి ఆఫీసర్లంతా విదేశాలు చూసొచ్చారు. ఆయన మాత్రం టూరు మీద రెండుసార్లు మీరట్ వెళ్లి, సాయంత్రానికల్లా తిరిగొచ్చారు. మార్చిలో రిటైర్మెంట్. ఈలోగా ఒక్కసారి విమానం ఎక్కి విదేశం వెళ్లాలి. అంతకుమించి ఆ మహానుభావుడికి కోరికలు లేవు.

బొమ్మ గీసే ఆర్టిస్టుకి ఒక సందేహం వచ్చింది. కొండమేక కొమ్ములు ముందుకు వంగుతాయా, వెనక్కా?

"రాసుకో రామమూర్తీ," అన్నారు త్యాగరాజుగారు కళ్లు మెరుస్తుండగా. "కొమ్ముల వంపు చాలా సెన్సిటివ్ మేటర్. ఆన్ ది స్పాట్ స్టడీ అవసరం. సీనియర్ ఆఫీసరే వెళ్లాలి."

అంత గొప్ప నోట్ నా జన్మలో టైపు చెయ్యలేదు. ఆయన కరోల్‌బాగ్‌లో సూటు కుట్టించారు. భార్య అన్నపూర్ణేశ్వరిగారు ఆర్కే పురంలో ఉన్న తెలుగువాళ్లందరికీ వార్త చేరవేశారు.

ఫైలు మా ఆర్థిక సలహాదారు దగ్గరికి వెళ్లింది. ఆయన మేధావి. 'అధికారి మేక దగ్గరికి వెళ్లే బదులు మేకే అధికారి దగ్గరికి రాకూడదా?' అని ఒకే ఒక్క ప్రశ్న రాశారు. మిత్రదేశం వెంటనే మేకను విమానంలో పంపించింది.

జూలో పెడితే జాతీయ చిహ్నాన్ని బోనులో పెట్టినట్టవుతుందని ప్రోటోకాల్ వాళ్లు అభ్యంతరం చెప్పారు. చివరికి త్యాగరాజుగారి క్వార్టరు పెరట్లోనే దానికి బస ఏర్పాటైంది. మూడో రోజు అది కొత్త సూటు ఎడమ చెయ్యి తినేసింది.

"కొట్టకూడదుటండీ రామమూర్తిగారూ," అన్నారు అన్నపూర్ణేశ్వరిగారు. "కొడితే రెండు దేశాలకీ చెడుతుందిట. ఈయనేమో దానికి నమస్తేజీ అని మరీ నీళ్లు పెడుతున్నారు. పాలవాడు రోజూ అడుగుతున్నాడు, దీదీ, దీన్ని అమ్ముతారా అని."

ఆర్టిస్టు వచ్చి నాలుగు రోజులు కూర్చుని చూశాడు. కొమ్ములు వెనక్కే అని తేల్చాడు.

ఇక అతిథిని గౌరవంగా, ఒక మనిషిని తోడిచ్చి వెనక్కి పంపాలి. త్యాగరాజుగారి మొహం మళ్లీ వెలిగింది. కానీ ఆర్థిక సలహాదారు మంజూరు చేసింది ఒకే పోస్టు: కాపరి, క్లాస్ ఫోర్.

"ఠీక్ హై, కాపరిగానే వెళ్తా. నాకేం నామోషీ లేదు," అన్నారు త్యాగరాజుగారు.

"గెజిటెడ్ ఆఫీసరు క్లాస్ ఫోర్ పని చెయ్యకూడదని రూలుంది సర్," అన్నాను.

"ఎవడయ్యా పెట్టింది?"

"అరవై ఎనిమిదిలో మీరే సర్."

నాకు నిజంగా జాలేసింది. రూలు సడలించమని ఫైలు మంత్రిగారికి వెళ్లింది. నెలకిగాని కదలని ఫైలు పది నిమిషాల్లో తిరిగొచ్చింది. 'ప్రజాసేవకుడికి ఏ పనీ చిన్నది కాదు. రూలు ఆఫీసర్లకే గాని మంత్రులకు వర్తించదు. కాపరిగా నేనే వెళ్తాను' అని స్వహస్తాలతో రాశారు. ఎంత వినయం. కాపరి నియామక పత్రం నేనే టైపు చేశాను. పాలం ఎయిర్‌పోర్టులో మంత్రిగారికీ మేకకీ చెరొక దండ వేశాం. మేక రెండూ తినేసింది.

పదిహేను రోజులకి మిత్రదేశం నుంచి టెలిగ్రాం వచ్చింది. 'మేక క్షేమం. మీ కాపరి పనితనం మాకెంతో నచ్చింది. మంద మొత్తం అప్పగించాం. ఇంకో ఆరు నెలలు ఉంచుకోవడానికి అనుమతించగలరు.'

క్లాస్ ఫోర్ వాళ్ల డెప్యుటేషన్ మంజూరు చేసే అధికారం డిప్యూటీ సెక్రటరీదే. త్యాగరాజుగారు టెలిగ్రాం రెండుసార్లు చదివారు. టీ తెప్పించుకుని నిదానంగా తాగారు. తర్వాత పెన్ను మూత తీశారు.

'అభ్యంతరం లేదు. స్నేహం దృష్ట్యా ఆరు నెలలు చాలవు. రెండేళ్లు ఇవ్వవచ్చు.'