ఒకరోజు ముందు కట్టిన ఫ్లెక్సీ

ఆ రోజు గణపతిరావు ఏ పనీ పెట్టుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏడురోడ్ల జంక్షన్‌లో పెసరట్టు తిని, మధ్యాహ్నం భోజనం చేశాక ఫోను పక్కన పడేసి నిద్రపోదామనుకున్నాడు. చేయవలసిందంతా చేసేశాడు. మర్నాడు పొద్దున్న చేపల మార్కెట్టు పైకప్పు టెండర్లు తెరుస్తారు. ఆ పని సాలూరు ధనరాజుకు వస్తుంది. తెరవకముందే ఆ సంగతి తెలిసినందుకు గణపతిరావుకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

గణపతిరావు కాంట్రాక్టరు కాదు, ఉద్యోగి కాదు, పార్టీలో పదవి ఉన్నవాడూ కాదు. ఈ మూడు రకాలవాళ్ళ మధ్యా కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. మార్కెట్టు పైకప్పు తుఫానుకు ఎగిరిపోయి, చేపలమ్మే ఆడవాళ్ళు నెత్తిన చీరకొంగులు కప్పుకుని ఎండలో కూర్చుంటున్నారని తెలియగానే అతని మనసు కరిగింది. కరిగినవాడు తిన్నగా ఇంజనీరు ఉమాశంకర్ దగ్గరికి వెళ్ళి, టెండరు నిబంధనల్లో ఒక మాట చేర్పించాడు. ఈ పని చేసేవాడికి సొంత లారీలు, అందులోనూ ఘాట్ రోడ్డు మీద తిరిగే లారీలు ఉండాలి. సముద్రం పక్కన రేకులు వేయడానికి ఘాట్ రోడ్డు లారీలెందుకని ఎవరూ అడగలేదు. అలాంటి లారీలున్నది ధనరాజుకే. ఒక్కడే టెండరు వేస్తే బాగుండదు కనుక, కొత్తవలస నరసింగరావు చేత అద్దె లారీల కాగితాలతో ఎక్కువ రేటుకు ఉత్తుత్తి టెండరొకటి వేయించారు. ఇలాంటి సాయాలు నరసింగరావు ఎప్పటినుంచో చేస్తున్నాడు, ఎవరైనా తనకూ చేయకపోతారా అని ఎదురుచూస్తూ.

ఈ పని గణపతిరావుకు చావుబతుకుల సమస్య. ఈ మధ్య అతను మాటిచ్చిన పనులు వరసగా బెడిసికొట్టాయి. ధనరాజు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇదొక్కటీ సూస్తాను మావా. అవకపోతే ఇంకోడిని ఎతుక్కుంటాను, నువ్వేటీ అనుకోకు."

గణపతిరావు అమ్ముకునే సరుకు మాటొక్కటే. అది పోతే జిల్లాలో అతనికి టీ ఇప్పించేవాడు కూడా ఉండడు. ఆ భయం అతనికి చాలా రోజులుగా ఉంది.

మన ఊళ్ళలో పని వచ్చినవాడు ముందు పునాది తీయడు, ఫ్లెక్సీ కడతాడు. జిల్లాలో పార్టీని నడిపే పెద్దాయన ఫొటో పెద్దదిగా, తన ఫొటో దండం పెడుతూ, కింద కృతజ్ఞతలు. ఒక్క పూట ఆలస్యమైనా పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది. అందుకని గణపతిరావు ధనరాజు పేరిట ఫ్లెక్సీని ముందే తయారు చేయించి పెట్టాడు. ఆ పని బావమరిది మోహనకృష్ణ ఫ్లెక్సీల షాపుకే ఇచ్చాడు. ఊరందరికీ పనులు ఇప్పిస్తారు గానీ నా తమ్ముడికొకటి చూడరని భార్య ఈశ్వరి రోజూ సాధిస్తోంది మరి.

జంక్షన్ హోటల్లో పెసరట్టు ఇంకా రాలేదు. అల్లం చట్నీ ముందు పెట్టుకుని తలెత్తిన గణపతిరావుకు, ఎదురుగా కరెంటు స్తంభాల మధ్య ధనరాజు దండం పెడుతూ కనిపించాడు. చేపల మార్కెట్టు పని తమకు ఇప్పించిన పెద్దాయనకు కృతజ్ఞతలట. కింద ఒక మూల గణపతిరావు ఫొటో కూడా ఉంది, నవ్వుతూ. వెంటనే బావమరిదికి ఫోను చేశాడు.

"రేపు కట్టమన్నాను కదరా."

"రేపు అమాస బావా. అమాస నాడు మంచి పని మొదలెడతారా ఎవులైనా? అక్కని అడిగినాను. ఇయ్యాలే కట్టీమంది."

అమావాస్య మాట గణపతిరావుకు నిజంగానే తట్టలేదు. తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, కట్టమన్నది ఈశ్వరి అని గుర్తొచ్చి మూసుకున్నాడు. అంతలో ఇంజనీరు ఫోను. రేపు తెరవాల్సిన టెండరు ఇవాళ రోడ్డు మీద వేలాడుతుంటే తన ఉద్యోగం ఏం కావాలని, గంటలో దాన్ని పీకించమని ఆయన ఏడుపొక్కటే తక్కువగా చెప్పాడు.

పీకడం అనుకున్నంత తేలిక కాదు. దాని మీద పెద్దాయన ఫొటో ఉంది. పట్టపగలు నడిబజార్లో పెద్దాయన ముఖాన్ని తాళ్ళు కోసి కింద పడేస్తే, ఆయన మనుషులు ముందు చేయి చేసుకుని తర్వాత కారణం అడుగుతారు. గణపతిరావు పెసరట్టు చల్లారేదాకా ఆలోచించాడు. చివరికి అతనికొక ఉపాయం తట్టింది. నరసింగరావు పేరిట కూడా అచ్చం అలాంటి ఫ్లెక్సీనే పక్కన కట్టించేస్తే చాలు. ఇద్దరూ కృతజ్ఞతలు చెబుతుంటే పని ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలియదు, టెండరు పవిత్రంగానే ఉంటుంది. మోహనకృష్ణ మధ్యాహ్నానికల్లా రెండోది కట్టేశాడు.

అయితే ఈ ఉపాయం సంగతి నరసింగరావుకు చెప్పాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. ఎవరో ఫొటో తీసి పంపగా చూసుకుని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు అందరికీ ఉత్తుత్తి టెండర్లు వేసినందుకు దేవుడు ఇన్నాళ్ళకు కళ్ళు తెరిచాడనుకున్నాడు. తప్పెటగుళ్ళ ఆటగాళ్ళని వ్యానెక్కించుకుని, గజ్జెల చప్పుడుతో సాయంత్రానికి పెద్దాయన గుమ్మం ముందు దిగాడు. అదే వేళకు రెండో ఫ్లెక్సీ వార్త విన్న ధనరాజు సాలూరు నుంచి లారీలోనే వచ్చి గణపతిరావు ఇంటి ముందు దిగాడు.

"నన్ను అమ్మీసినావు మావా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గణపతిరావుకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఎంత చెప్పినా ధనరాజు నమ్మలేదు. తిన్నగా ఫ్లెక్సీల షాపుకు వెళ్ళి, నరసింగరావుదానికి రెట్టింపు సైజులో కొత్తవి వేయించాడు. అది తెలిసి నరసింగరావు ఇంకా పెద్దవి వేయించాడు. అవి చూసి, అసలు టెండరే వేయని కాంట్రాక్టర్లకు కూడా కంగారు పుట్టింది. అందరూ కృతజ్ఞతలు చెబుతుంటే తామొక్కరే చెప్పకపోతే ఏమనుకుంటారోనని వాళ్ళూ తలా ఒకటి కట్టించారు. అమావాస్య వెళ్ళేసరికి ఊరి నుంచి మార్కెట్టు దాకా దారంతా ఆ పైకప్పు కృతజ్ఞతలే. అన్నీ మోహనకృష్ణ షాపులో వేసినవే. పాపం, అతనికి అన్నం తినడానికి తీరిక లేదు.

పెద్దాయన గణపతిరావుని పిలిపించాడు.

"ఆ షెడ్డు నానెవులికిచ్చినాను గణపతీ?"

"ఎవరికీ ఇవ్వలేదండి."

"మరి ఈళ్ళందరూ నాకెందుకు దండాలెడతన్నారు?"

అప్పటికే ఎవరో పైకి ఫిర్యాదు పంపారు. టెండరు తెరవకుండానే పని పంచేసుకున్నారని, సాక్ష్యం దారి పొడుగునా కట్టి ఉందని. గొడవకు భయపడి అమావాస్య నాడు తెరవకుండా వాయిదా వేసిన టెండర్లను ఉమాశంకర్ ఇప్పుడు పూర్తిగా ఆపేశాడు. తనిఖీకి పై నుంచి అధికారి వస్తున్నాడన్నారు. ఈలోగా ఆ ఫ్లెక్సీలన్నీ మాయం కావాలి, కానీ పెద్దాయన ముఖానికి చిరుగు కూడా పడకూడదు. ఆ భారం గణపతిరావు నెత్తినే పడింది.

దిక్కుతోచక మార్కెట్టు దగ్గర స్కూటరు ఆపి కూర్చున్న అతన్ని, కవళ్ళ చేపలు కడుగుతున్న అసిరమ్మ పలకరించింది. ఆమె అక్కడ చేపలమ్మేవాళ్ళలో పెద్దది.

"ఆ గుడ్డలు మాకిచ్చీండి బావూ. సింపంలే. జాగర్తగానే ఇప్పుకుంటాం."

గణపతిరావుకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. ఎందుకని కూడా అడగలేదు. అన్నీ తీసుకుపొమ్మన్నాడు, పెద్దాయన ముఖం మాత్రం చిరగకూడదన్నాడు. సాయంత్రానికి రోడ్లన్నీ శుభ్రమయ్యాయి. ఆ రోజు అతను కడుపునిండా అన్నం తిని, అనుకున్న నిద్ర పోయాడు.

తనిఖీ అధికారి రోడ్ల మీద ఏమీ కనబడక, చివరికి మార్కెట్టు చూడాలన్నాడు. ఉమాశంకర్, గణపతిరావు, విషయం తేల్చుకుందామని పెద్దాయన కూడా వెంట వెళ్ళారు. వెళ్ళి నలుగురూ తలలెత్తి నిలబడిపోయారు. వెదురు వాసాల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఫ్లెక్సీలు పరిచి కట్టి ఉన్నాయి. చింపకూడదన్నారు కనుక ఏదీ కత్తిరించలేదు. ఎటు చూసినా పైనుంచి పెద్దాయన నవ్వుతున్నాడు, ఆయన చుట్టూ కాంట్రాక్టర్లు దండాలు పెడుతున్నారు. కింద నీడలో బేరాలు జోరుగా సాగుతున్నాయి.

"పనే మొదలవలేదన్నారు, పైకప్పు ఉందే?" అని అడిగాడు అధికారి.

ఉమాశంకర్ చేతిలో ఫైలు తిరగేయడం మొదలెట్టాడు. ఉందంటే ఎవరికిచ్చారని అడుగుతాడు. లేదంటే కళ్ళముందు కనబడుతోంది. పెద్దాయన మాత్రం తన ముఖాలన్నిటినీ ఒకసారి తృప్తిగా చూసుకుని, అసిరమ్మ వైపు తిరిగాడు.

"ఎండ పడతందా అమ్మా?"

"నేదు బావూ. సల్లగా ఉన్నాది."

"సూసినారా, పని అయిపోనాది," అన్నాడు పెద్దాయన.

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చాక దాన్ని నిజం చేయడం ఇంజనీరు పని. తుఫాను అత్యవసరం కింద టెండరు లేకుండా నామినేషన్ మీద పని ఇవ్వవచ్చన్న నిబంధన ఉమాశంకర్‌కు ఆ క్షణంలో గుర్తొచ్చింది. మరి ఎవరికిచ్చినట్టు? పైకప్పుకు వాడిన సరుకు ఎవరు తయారు చేశారో బిల్లులు కావాలి. సరుకు బిల్లులు ఉన్నది లోకంలో ఒక్క మోహనకృష్ణ దగ్గరే. అలా కాగితాల మీద చేపల మార్కెట్టు పైకప్పు మోహనకృష్ణ వేసినట్టయింది. ధనరాజు, నరసింగరావు, మిగతా కాంట్రాక్టర్లూ ఆ ఫ్లెక్సీలకు అప్పుడే డబ్బు కట్టి ఉండటం వల్ల, అతనికి దాని మీద పైసా ఖర్చు లేదు.

ధనరాజు చెప్పినట్టే ఇంకొకరిని వెతుక్కున్నాడు. ఇప్పుడు పొద్దున్నే ఫ్లెక్సీల షాపు ముందు బల్ల మీద కూర్చుని మోహనకృష్ణ కోసం ఎదురుచూస్తున్నాడు. తన తమ్ముడికి ఇన్నాళ్ళకు దారి చూపించారని ఈశ్వరి భర్తకు కోనాం చేప పులుసు పెట్టింది. గణపతిరావు దాన్ని ముళ్ళు ఏరుకుంటూ తిన్నాడు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది, పులుసు మాత్రం బాగుంది.

మర్నాడు ఏడురోడ్ల జంక్షన్‌లో కొత్త ఫ్లెక్సీ లేచింది. పైన పెద్దాయన, మధ్యలో దండం పెడుతూ మోహనకృష్ణ, అట్టడుగున వరసలో చివరగా గణపతిరావు. గణపతిరావు దాని కింద నిలబడి తన ముఖాన్ని వెతుక్కుంటూ ఉండగా, చేపల గంప నెత్తిన పెట్టుకుని అసిరమ్మ వచ్చింది. ఆమె కూడా తలెత్తి, దాని పొడవు వెడల్పులు కళ్ళతోనే కొలిచింది.

"దీన్ని ఎప్పుడు దించుతారు బావూ? మా మూలనొక దగ్గర ఇంకా ఎండ పడతన్నాది."

గణపతిరావు ఈసారి మంచి రోజు చూసి చెబుతానన్నాడు.