మిగతా 58వ పేజీలో

తెలుగు వారపత్రికలు మూతపడటం తెలుగు జాతికి జరిగిన మహోపకారం! దీనికి కన్నీళ్లు కార్చేవాళ్లందరూ అభివృద్ధి నిరోధకులని నా నిశ్చితాభిప్రాయం.

ఒక్కసారి ఆలోచించండి. పత్రిక వచ్చిన రోజు ఇంట్లో ఎన్ని యుద్ధాలు! సీరియల్ అమ్మకి, రాశిఫలాలు నాన్నకి, కార్టూన్లు పిల్లలకి. మధ్య పిన్ను ఊడిపోయేదాకా లాక్కోవడమే. ఇప్పుడో? ఎవరి ఫోన్ వారిది. పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోనంత ప్రశాంతంగా ఉంటున్నాం.

రచయితల కష్టాలు మాత్రం తక్కువా? కథ సొంతమేనని హామీపత్రం రాయాలి. తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు పెట్టాలి. ఆనక నెలల తరబడి పోస్ట్‌మ్యాన్ కోసం గుమ్మంలో పడిగాపులు! ఇప్పుడు వాట్సాప్‌లో పొద్దున పుట్టిన కథ మధ్యాహ్నానికి బాచుపల్లి చేరుతుంది. రచయిత పేరు దారిలోనే రాలిపోతుంది కాబట్టి హామీపత్రం ఎవరూ అడగరు. ఇంతకన్నా స్వేచ్ఛ ఏం కావాలి?

పాత సంచికలు ఏమైపోయాయోనని బెంగపడేవాళ్లకీ నా దగ్గర జవాబుంది. వాటికిప్పుడు పట్టిన యోగం అప్పట్లో ఎక్కడిది? హైటెక్ సిటీలో ఒక కెఫేవారు వాటిని పేజీలుగా చింపి, గోడలకు అతికించి, పైన వార్నిష్ పూశారు. 'వింటేజ్ లుక్' అట! సాఫ్ట్‌వేర్ పిల్లలు వాటి ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. చదవరు, నిజమే. చదివితే అక్షరాలు అరిగిపోవూ?

మొన్న ఆదివారం మా అమ్మాయి కిరణ్మయి మమ్మల్ని అక్కడికే తీసుకెళ్లింది. కాఫీ ఇంకా రాకముందే మా ఆవిడ భ్రమరాంబ లేచి గోడకు అతుక్కుపోయింది.

"ఏమండీ! ఇది నా కథండీ!"

నిజమే. 'ఎర్ర గొడుగు - కుమారి భ్రమరాంబ, రాజమండ్రి'. పెళ్లికి ముందు అచ్చయిన ఒకే ఒక్క కథ. ఉన్న ఒక్క కాపీని చదివిచ్చేస్తానని పక్కింటావిడ పట్టుకెళ్లి మరి ఇవ్వలేదు. అప్పటినుంచీ మా ఆవిడ వెతకని పాత పుస్తకాల కొట్టు లేదు.

కళ్లజోడు సవరించుకుని గబగబా చదివింది. కథలో పెళ్లిచూపులు. "పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా?" అని పెళ్లికొడుకు అడిగాడు. శారద తలెత్తి, అతని వైపు సూటిగా చూసి ఇలా అంది... (మిగతా 58వ పేజీలో).

కాఫీ తెచ్చిన సర్వర్ మహేందర్‌ని పట్టుకుంది. "బాబూ, దీని మిగతా పేజీ ఎక్కడుందయ్యా?"

"గా పుస్తకం మిగిలిన కాయితాలన్నీ జెంట్స్ బాత్రూంల అతికిచ్చిన్రు మేడమ్. సార్‌ను పంపుండ్రి, జర చూసొస్తరు."

వెళ్లాను. 58వ పేజీ ఉంది. శారద జవాబు మొదలయ్యే చోట చేతులు ఆరబెట్టుకునే మెషీన్ బిగించారు. దాని కింద 'సమాప్తం' మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

వచ్చి చెప్పాను. "పోనీ, ఏమందో నువ్వే చెప్పు" అన్నాను.

"నాకూ గుర్తులేదండీ" అంది. మొహం చిన్నబోయింది. అంతలోనే కాఫీ కప్పు పక్కకు జరిపి, "అయినా శారద ఏమనాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఇంటికెళ్లి రాసేస్తాను. ఎవరికి పంపమంటారు?" అని అడిగింది.

పత్రికలు పోవడంవల్ల ఇన్ని లాభాలు ఏకరువు పెట్టినవాణ్ని, ఆ ఒక్క అడ్రసు కోసం ఫోనంతా వెతుకుతున్నాను. మీకేమైనా అడ్రసు తెలిస్తే చెప్పండి. తిరుగు టపాకు స్టాంపులు కూడా అంటిస్తుందట.