బొట్టు పెట్టి ఇచ్చిన కార్డు

బుధవారం పొద్దున కైలాసం పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మట్టెవాడలోని తన చేనేత చీరల దుకాణంలో షోకేసు అద్దాలు తళతళలాడేలా తుడవడం. రెండు, సాయంత్రం నాలుగింటికి వచ్చే విజయశ్రీకి ఎనభై చీరలు అమ్మడం. ఆవిడ హనుమకొండలో ఓ ప్రైవేటు దవాఖానలో హెడ్ నర్సు. స్టాఫంతటికీ ఒకే రకం చీరలు కావాలంది. ఆ ఆర్డరు దక్కితే రెండేళ్లుగా అల్మారాల్లో మూలుగుతున్న సరుకు కదులుతుంది. దక్కకపోతే దుకాణంలో సగం ఎవరికైనా అద్దెకిచ్చుకోవడం తప్ప దారి లేదు.

ఆవిడ మనసు గెలవడానికి కైలాసం శుక్రవారమే ఓ ఎత్తు వేశాడు. చీరల రంగులు చూడడానికి ఇంటికొచ్చిన ఆవిడకు భార్య సరోజన చేత బొట్టు పెట్టించి, తాంబూలంలో తన దుకాణం కొత్త గిఫ్టు కార్డు పెట్టించాడు. ఎర్రటి కార్డు, మీద బంగారు తామరపువ్వు, దాని కింద రెండు వేలని అంకె. మంగళవారం ఆవిడే ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు మీ కార్డు గూడ తెస్త, నాకో చీర తీస్కుంట" అని మర్యాదగా చెప్పింది కూడా. కైలాసం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

అద్దం తుడుస్తుండగా, కార్డుల మెషీను బిగించి వెళ్లిన భానుచందర్ ఫోన్ చేశాడు.

"సేటూ, మీ రిపోర్టు జీరో చూపెడ్తాంది. ఒక్క కార్డు గూడ ఆక్టివేట్ చెయ్యలేదేంది?"

"అదెందుకు? కార్డు మీద రెండు వేలని అచ్చేసే ఉన్నది గదా!"

"అచ్చేస్తే పైసలొస్తయా సేటూ? అమ్మినా, ఊకెనే ఇచ్చినా ముందుగాల మెషీన్ల గీకాలె. గప్పుడే దాంట్ల బ్యాలెన్స్ పడ్తది. లేకుంటే అది వట్టి ప్లాస్టిక్ ముక్క."

కైలాసం చేతిలోని గుడ్డ జారిపోయింది. "ఇప్పుడు ఇక్కడి నుంచి ఎక్కియ్యరాదా?"

"ఆ కార్డే తెచ్చి గీకాలె. అయినా ఫికర్ చెయ్యకున్రి. కొన్ని కార్డులు జన్మల వాపసు రావు. దాన్ని మా లైన్ల బ్రేకేజ్ అంటరు. వాడని పైసలు మనకే మిగుల్తయి, లాభమే!"

ఆ లాభం సంగతి వినే ఓపిక కైలాసానికి లేదు. సాయంత్రం ఆవిడ కళ్లముందే గీకితే కార్డు ఖాళీ అని బయటపడుతుంది. అప్పటికే వీధి చివర మొగిలయ్య ఆటో ఎక్కేశాడు. ఆదరాబాదరాగా విజయశ్రీ ఇంటి ముందు దిగాక గానీ అసలు చిక్కు తట్టలేదు. మీకు ఖాళీ కార్డు పెట్టానని ఏ మొహంతో చెప్పాలి? నోటికొచ్చింది అనేశాడు.

"మేడమ్, ఆ కార్డు జర ఇయ్యిరి. దానికి లక్కీ డ్రా తగిలింది."

విజయశ్రీ మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. "అయ్యో! మొన్న ఆదివారం సావిత్రి టీచర్ గృహప్రవేశమాయె. టైముకు జాకెట్ ముక్క దొరకలే. బొట్టు పెట్టి ఆ కార్డే ఇచ్చిన. నిన్న ఫోన్ల మర్చిపోయి తెస్తనన్న. పొద్దటి సంది వాపసు ఎట్ల అడగాల్నా అని నేనే పరేషాన్‌ల ఉన్న."

ఆవిడను తప్పుపట్టలేం. మన ఇళ్లలో జాకెట్ ముక్క కుట్టించుకునే బట్ట కాదు. ఒకరు బొట్టు పెట్టి ఇస్తారు, పుచ్చుకున్నవారు బీరువాలో దాచి ఇంకొకరికి బొట్టు పెట్టి ఇస్తారు. ఆ ముక్కకు కత్తెర తగిలే యోగం ఉండదు. తాంబూలంలో వచ్చిన పాపానికి కార్డు కూడా అదే దారి పట్టింది.

"నేను గూడ వస్త, ఆగున్రి" అంటూ విజయశ్రీ చెప్పులేసుకుంది.

వడ్డేపల్లిలో సావిత్రి టీచర్ గేటు దగ్గరే, దారిలో లక్కీ డ్రా మాట విన్న మొగిలయ్య ఉత్సాహం పట్టలేక, "అమ్మా, మీ కార్డుకు ఫ్రిజ్ తగిలిందట!" అని అరిచాడు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నిన్న పొద్దున టైలర్ సుహాసిని జాకెట్లు తెచ్చిస్తే, ఆమెకు పెట్టిన గదనయ్యా! అయితేంది, నాకు పెట్టినంక అది నాదే. ఫ్రిజ్ నాకే రావాలె."

"ముందుగాల మీకు పెట్టింది నేను" అంది విజయశ్రీ.

ఇద్దరూ ఆటోలో కైలాసానికి చెరోపక్క కూర్చుని వాదించుకున్నారు. మట్టెవాడ చేరేసరికి ఫ్రిజ్ స్కూటీ అయింది. సుహాసిని చేతిలో టేపుతోనే బయటికొచ్చింది. జాకెట్ ముక్కలు ఎవరూ కుట్టించుకోరని ఇరవై ఏళ్లుగా ఆమెకు కడుపుమంట. అలాంటి మనిషి కూడా విషయం విని నాలుక కరుచుకుంది.

"నిన్న సాయంత్రం సరోజనక్క వచ్చింది. వాళ్ల దుకాణం కార్డే గదా, వాళ్లకే అక్కెరొస్తదని పెట్టిన!"

కైలాసం గిరుక్కున తిరిగి దుకాణం వైపు పరుగెత్తాడు. ఊరంతా వెతికిన కార్డు తన ఇంట్లోనే ఉంది.

దుకాణం పై అంతస్తే ఇల్లు. నలుగురూ మెట్లెక్కి మీద పడేసరికి సరోజన బిత్తరపోయి, ఫ్రిజ్ మీద నుంచి ఓ కవరు తీసింది. "జాకెట్ ముక్కే అనుకొని ఇప్పి చూడలే. రేపు మా చుట్టం పండరన్న ఇంటికి పోయేదుంటే వాళ్లకు పెడదామనుకున్న."

కవర్లోంచి రెండు అరటిపళ్లు, ఆకువక్క, ఎర్ర కార్డు బయటపడ్డాయి. ముగ్గురూ ఒకేసారి చెయ్యి చాపారు.

"స్కూటీ ఏ రంగుది?" అడిగింది సుహాసిని.

ఇక కైలాసం వల్ల కాలేదు. సిగ్గుతో కుంగిపోతూ నేలచూపులు చూశాడు. "స్కూటీ లేదు, డ్రా లేదు. కార్డుల పైసలే లేవు. గీకుడు మర్చిపోయిన. మాఫ్ చెయ్యిరి."

విజయశ్రీ కళ్లు ఎర్రబడ్డాయి. "అంటే నాకు ఖాళీ కార్డు పెట్టిన్రా? నన్నేమనుకుంటాన్రు? మీ చీరలు వద్దు, మీ..."

"ఆగున్రి మేడమ్" అంది సావిత్రి టీచర్, కళ్లజోడు సర్దుకుంటూ. "అంటే నా గృహప్రవేశానికి మీరు నాకు పెట్టింది ఖాళీ కార్డా?"

"అంటే టీచరమ్మా, మీరు నాకు పెట్టింది?" అంది సుహాసిని.

"మరి నువ్వు నాకు పెట్టిందేందే?" అంది సరోజన.

అందరూ ఫ్యాను వైపు చూశారు. ముందుగా తేరుకున్నది విజయశ్రీయే.

"కైలాసం గారూ, ఏం చూస్తాన్రు? జల్దీ గీకున్రి! ఇజ్జత్ పోతాంది!"

అందరూ దడదడా మెట్లు దిగారు. కైలాసం కార్డు గీకి, అంకె కొట్టాడు. మెషీను కుయ్యిమంది. ఆ ఒక్క కూతతో నలుగురు ఆడవాళ్ల పరువూ, ఓ మగవాడి దుకాణమూ నిలబడ్డాయి. సుహాసిని ముందు నవ్వింది, తర్వాత అందరూ పడీ పడీ నవ్వారు. విజయశ్రీ ఆ నవ్వులోనే ఎనభై చీరల ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టింది. కైలాసానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంటికొచ్చినోళ్లను ఉత్త చేతుల్తోటి ఎట్ల పంపుత?" అంటూ సరోజన విజయశ్రీకి బొట్టు పెట్టి, నిండుగా ఉన్న కార్డు చేతిలో పెట్టింది. విజయశ్రీ కళ్లకద్దుకుని పర్సులో వేసుకుంది.

ఇది జరిగి పదకొండు నెలలైంది. వచ్చే నెలతో కార్డు ఏడాది గడువు ముగుస్తుంది. ఈలోగా అది పాలకుర్తి దాకా వెళ్లొచ్చిందని వినికిడి. రెండు వేలూ అందులో అలాగే ఉన్నాయి.