మా బావ డీజే పెట్టె కొన్న విధంబెట్టిదనిన

వస్తువు కొనడం అనాగరికం! ఎంచుకోవడమే నాగరికత!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. కాఫీ తాగేసి, ఫ్యాన్ కింద స్థిమితంగా కూర్చుని, పూర్తి బాధ్యతతో అంటున్నాను. వెనకటి మనుషులు పాపం దుకాణానికి వెళ్లేవారు, ఉన్నవాటిలో ఒకటి తీసుకునేవారు, ఇంటికి తెచ్చి వాడేసుకునేవారు. ఎంత మోటు బతుకు! ఆ వస్తువు గురించి ముక్కూమొహం తెలియని నలుగురు ఏమంటున్నారో వినకుండా, కింద కామెంట్లలో జరిగే కొట్లాట చదవకుండా, ఎకాయెకీ కొనేయడమే!

మనకా ఖర్మ లేదు. మనకి రివ్యూలున్నాయి. కంపారిజన్ వీడియోలున్నాయి. 'కొనే ముందు ఇది చూడండి' అని ఒకడు, 'కొన్నాక ఏడవకండి' అని ఇంకొకడు దారికి అడ్డం పడి మరీ మనల్ని కాపాడుతున్నారు. ఇది ఈ కాలపు శాపం అని సణిగేవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసమే మా బావ కథ చెబుతున్నాను.

మా బావ అంటే మా అక్క మొగుడు. కళ్ళజోళ్ళ షాపులో కంటి పరీక్షలు చేస్తాడు. చీకటి గది, ఎత్తు కుర్చీ, ఎదురుగోడ మీద పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా అక్షరాలు. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించి, అందులో అద్దాలు మారుస్తూ, "ఇప్పుడు బాగుందా? ఇంతకు ముందు బాగుందా?" అని అడుగుతాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే ప్రశ్న. జనం తెగ కంగారు పడిపోతారు. "మళ్లీ మొదటిది పెట్టండి... అబ్బే, రెండోదేనేమో..." అని నీళ్లు నములుతారు. అప్పుడు మా బావ వాళ్ల భుజం తట్టి, "ఇది పరీక్ష కాదండీ, మీరు ఫెయిలవ్వరు. తేడా తెలియట్లేదంటే మొదటిదే చాలు," అని తేల్చేస్తాడు. తేల్చడంలో ఆయనకి ఆయనే సాటి. కాకపోతే అది పరాయివాళ్ల కళ్ళ విషయంలో.

ఆయనకి ఒక్కతే కూతురు. నా మేనకోడలు. ఇంట్లో అందరం 'పిడుగు' అంటాం. కిందటేడు షాపు వార్షికోత్సవం పార్టీలో తండ్రీకూతుళ్లిద్దరూ భోజనాల సంగతి కూడా మరిచిపోయి డీజే బల్ల వెనకాలే పాతుకుపోయారు. బల్ల మీద ఒక పెట్టె. దాని మీద రెండు గుండ్రటి పళ్ళాలు, మధ్యలో అటూ ఇటూ జరిపే మీట, చుట్టూ మినుకుమినుకుమనే బటన్లు. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఎడమ పళ్ళెం మీద ఒక పాట, కుడి పళ్ళెం మీద ఇంకో పాట. మీట జరుపుతుంటే మొదటి పాట ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు, రెండోది వచ్చేసి ఉంటుంది. దాన్నే డీజే కంట్రోలర్ అంటారు.

"నాన్నా, మనమూ ఒకటి కొనుక్కుందాం. చిన్నదే చాలు. ఎడమ పళ్ళెం నీది, కుడిది నాది," అంది పిడుగు. "నేను నర్సింగ్ కోర్సుకి వెళ్లేముందు మన మేడ మీద ఫ్రెండ్స్‌కి పార్టీ ఇస్తానుగా, ఆ రోజు మనిద్దరమే డీజే!"

"అలాగేనమ్మా, నాదీ పూచీ," అన్నాడు మా బావ. పార్టీకి ఇంకా ఏడాది ఉంది. ఒక్క పెట్టె కొనడానికి ఏడాది చాలదూ?

బడ్జెట్ చిన్నది. ఆ బడ్జెట్లో దొరికేవి కూడా కొన్నే. నాబోటి తెలివితక్కువవాడైతే ఆ శనివారమే ఒకటి పట్టుకొచ్చి, ఆదివారం నుంచి ఇంటిల్లిపాదికీ చెవులు గింగుర్లెత్తించేవాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మా బావ అడుసు జోలికే పోలేదు. వీడియో పెట్టుకున్నాడు.

మొదటి వీడియోలో గడ్డపాయన ఒక పెట్టె చూపించి, మొదటిసారి కొనేవాళ్లకి ఇంతకంటే మంచిది లేదన్నాడు. రెండో వీడియోలో టోపీ ఆయన అదే పెట్టెని పట్టుకుని, పొరపాటున కూడా దీన్ని కొనొద్దన్నాడు. ఇద్దరూ నిపుణులే! ఇద్దరి వెనక గోడ మీదా నీలం లైట్లే! కాదనడానికి మనమెవరం?

దాంతో మా బావ తన వృత్తివిద్య బయటికి తీశాడు. రోజుకి రెండు పెట్టెలు. ఇది బాగుందా, అది బాగుందా? గెలిచినదానికి మర్నాడు ఇంకోదానితో పోటీ. కంటి గదిలో అయితే అద్దాలకి ఒక చివరంటూ ఉంటుంది. ఇక్కడ తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలదన్నేవాడు ఆ వారంలోనే పుట్టుకొచ్చేవాడు. పళ్ళాలు పెద్దవిగా ఉన్నదాంట్లో, తర్వాతి పాటని ముందుగా హెడ్‌ఫోన్లో విని చూసుకునే వీలుండదు. ఆ వీలున్నదాని పళ్ళాలు సాసర్లంతే ఉంటాయి. రెండూ బాగున్నదానితో వచ్చే సాఫ్ట్‌వేర్ సగానికి తాళం వేసి ఇస్తారు. ఆ తాళం తీయించుకోవచ్చు గానీ, దానికి ఇంకొంచెం కలిపితే ఏకంగా దాని పైదే వచ్చేస్తుంది!

ఈ 'ఇంకొంచెం పెడితే' అనే మాట కనిపెట్టిన మహానుభావుడికి విగ్రహం కట్టించాలి. ఇంకొంచెం పెడితే నాలుగు పాటలు ఒకేసారి కలపొచ్చు. మా బావకి రెండు కలపడం కూడా రాదు, అది వేరే సంగతి. ఇంకొంచెం పెడితే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఇంకొంచెం పెడితే స్టేడియంలో వాయించొచ్చు. మా వాళ్ల మేడ మీద నీళ్ల ట్యాంకు పోను మిగిలిన జాగాలో పిడుగు ఫ్రెండ్స్ అందరూ నిలబడితే, అక్క కూల్‌డ్రింకులు పట్టుకుని మెట్ల మీద నిలబడాలి. అయినా రేపు స్టేడియం వాళ్లు పిలవరని ఏముంది? పిలిస్తే చిన్న పెట్టె పట్టుకెళ్తే పరువేం కాను? ఇలా మెట్టు మీద మెట్టు ఎక్కి, పైకి వెళ్లాక బడ్జెట్ గుర్తొచ్చి, దబ్బున జారి, మళ్లీ గడ్డపాయన దగ్గర మొదలయ్యేవాడు.

మరి దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! ఇంట్లో చప్పుడు లేదు. చుట్టుపక్కలవాళ్లతో పేచీ లేదు. లేని పెట్టె మీద దుమ్ము పడదు కాబట్టి మా అక్కకి తుడిచే పని లేదు. పైగా మా బావకి ఎంత పేరొచ్చిందనుకున్నారు? పాలు పట్టుకుని లిఫ్టులో ఎక్కిన మనిషిని కూడా వదలకుండా, పళ్ళెం పెద్దదైతే లాభమేమిటో, చిన్నదైతే నష్టమేమిటో చెప్పి పంపేవాడు. పాపం, ఆ మనిషి పాలు విరిగిపోకముందే ఇంట్లో పడితే చాలనుకునేవాడు.

పక్క వాటాలో ఒక ప్లంబర్ గారున్నారు. ఆయనకీ ఈ సరదా పుట్టి సలహా కోసం వచ్చాడు. మా బావ సాయంత్రమంతా కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపుతూ విని, మర్నాడు షాపుకెళ్లి, తన పనిముట్ల సంచిలో ఏది పడితే అది కొనుక్కొచ్చేశాడు!

"సంచి కొలత చూసుకుని కొంటారట్రా ఎవరైనా?" అని మా బావ నా దగ్గర నెత్తి కొట్టుకున్నాడు.

ఆ అజ్ఞాని ఆదివారం ఆదివారం వాయించడం మొదలెట్టాడు. మొదట్లో రెండు పాటలూ మెట్ల మీంచి కలిసి దొర్లినట్టుండేది. కొన్నాళ్లకి ఒకటే దొర్లేది. ఎండాకాలం వచ్చేసరికి రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవడం నేర్చుకున్నాయి. చూశారా, ముందూ వెనకా చూడకుండా కొంటే మనిషికి ఎంత చాకిరీయో!

మొదట్లో పిడుగు కూడా సోఫాలో తండ్రిని ఆనుకుని కూర్చుని వీడియోలు చూసేది. "ఇది బాగుంది నాన్నా, కొనేద్దాం," అనేది. "ఆగమ్మా, ఇంకొక్కటి చూద్దాం," అనేవాడాయన. కొన్నాళ్లకి ఆ సోఫాలోనే పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. ఇంకొన్నాళ్లకి పుస్తకం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. దాంతో మార్కులు కూడా పెరిగాయి. అదీ రివ్యూల పుణ్యమే కదా!

పార్టీ వారంలోకి వచ్చేసింది. ఇక మా అక్క ఊరుకోలేదు.

"ఏవండీ, అది వెళ్లిపోయాక ఎవరికి వాయిస్తారు? గోడలకా?" అని తండ్రీకూతుళ్లని షాపుకి తరిమింది. సాయంగా నన్నూ తోలింది.

షాపాయన రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా ఒకే పాట వినిపించి, "ఏది బాగుంది సార్?" అన్నాడు. మా బావ హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. "మళ్లీ మొదటిది పెట్టండి," అన్నాడు. పెట్టాడు. "అబ్బే, రెండోదేనేమో," అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

పిడుగు ఆయన భుజం తట్టింది. "ఇది పరీక్ష కాదు నాన్నా, నువ్వు ఫెయిలవ్వవు. తేడా తెలియట్లేదంటే మొదటిదే చాలు."

మా బావ పకపకా నవ్వేశాడు. ఏడాది తర్వాత ఆ మొహంలో తేటదనం చూశాను. జేబులో చెయ్యి పెట్టాడు. పర్సు సగం బయటికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే షాపాయన, నోరు ఊరుకోక, "వచ్చే నెల ఇందులోనే కొత్త మోడల్ వస్తోంది సార్. మీ ఇష్టం," అన్నాడు.

పర్సు మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. 'ఒక్క నెలే కదమ్మా' అన్నట్టు మా బావ కూతురి వైపు చూశాడు. పిడుగు తలొంచుకుని షాపు మెట్లు దిగింది. దాని మొహం ఒకసారి చూసి, రెండోసారి చూడలేకపోయాను.

పార్టీ ఆగలేదు లెండి. ప్లంబర్ గారు సంచి భుజాన వేసుకుని మేడెక్కాడు. ఎడమ పళ్ళెం ఆయనది, కుడి పళ్ళెం పిడుగుది. పిల్లలు మేడ అదిరిపోయేలా ఎగిరారు. మా బావ ఓ మూల నిలబడి, ఒక పిల్ల తండ్రికి ఆ పెట్టెలో పళ్ళాలు సాసర్లంతే ఎందుకుంటాయో వివరిస్తున్నాడు.

"నాన్నా, రా! ఎడమది నువ్వు తిప్పు!" అని కేకేసింది పిడుగు.

మా బావ వెళ్లాడు. వేళ్లు పళ్ళెం దాకా వెళ్లి ఆగిపోయాయి. ఏ బటన్ దేనికో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ముందు ఏది నొక్కాలో మాత్రం చేతికి తెలియలేదు. "మీరు కానివ్వండి," అని ప్లంబర్ గారికి వదిలేసి, ఐసుముక్కలు తెస్తానని కిందికి దిగిపోయాడు. ఐసుముక్కలు పైన బకెట్ నిండా ఉన్నాయి.

పిడుగు హాస్టల్‌కి వెళ్లిపోయింది. నెల తిరిగేసరికి కొత్త మోడల్ వచ్చింది. మా బావ కొనేశాడు! పళ్ళాలు పెద్దవి, హెడ్‌ఫోన్ సౌకర్యం ఉంది, సాఫ్ట్‌వేర్‌కి తాళం లేదు. పిడుగు గదిలో దాని చదువుకునే బల్ల మీద పెట్టాడు. సంగతి తెలిసి నేను ఆదివారం పొద్దున్నే వాలిపోయాను.

"ఏదీ, వినిపించు బావా," అన్నాను.

ఎడమ పళ్ళెం మీద పాట పెట్టాడు. పాట వచ్చింది, అయిపోయింది. గదిలో ఫ్యాన్ చప్పుడు మిగిలింది.

"మరి రెండోది?"

"అది దానిది కదా," అన్నాడు.

పాఠకులారా, కొనకుండా ఎంచుకుంటూ ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను కదా? ఇదిగో, ఆ ప్రశాంతత ఇదే. పెట్టె ఉంది, పాట ఉంది, పక్క కుర్చీలో మనిషి లేదు.

"ఒరేయ్, సెలవులకి అది వచ్చేలోపైనా కలపడం నేర్చుకోమనరా ఆయన్ని!" అని వంటింట్లోంచి అక్క అరిచింది.

"నేర్చుకుంటానే! ముందు ఏ వీడియో చూసి నేర్చుకుంటే మంచిదో చూస్తున్నాను," అన్నాడు మా బావ. ఫోన్లో ఒకవైపు గడ్డపాయన, ఇంకోవైపు టోపీ ఆయన!

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఫోన్ లాక్కుని, పిడుగుకి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని టేబుల్ లైటుకి ఆనించి నిలబెట్టాను. "జరుగు బావా!" అని కుర్చీ లాక్కుని, కుడి పళ్ళెం మీద చేతికందిన పాట పెట్టేశాను. "ఎడమది నువ్వు తిప్పు. అది వచ్చేదాకా ఇది నేను చూస్తాను."

భగవంతుడా! రెండు పాటలూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకున్నాయి. అక్క గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గోడ అవతల నుంచి ప్లంబర్ గారు, "మీట మెల్లిగా సార్, మెల్లిగా!" అని కేకలు పెట్టాడు.

ఫోన్లో పిడుగు చెవులు మూసుకుంది. "ఏంటి నాన్నా ఆ గోల?"

"మేమేనమ్మా! మీ మావయ్యా, నేనూ!" అంటూ మా బావ మీట కాస్త అటు జరిపాడు, కాస్త ఇటు జరిపాడు. అలవాటుకొద్దీ నోట్లోంచి మాట వచ్చేసింది. "ఇప్పుడు బాగుందా? ఇంతకు ముందు బాగుందా?"

పిడుగు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"రెండూ దరిద్రంగానే ఉన్నాయి నాన్నా. ఆపకు!"