చూపుల శాఖ పునర్వ్యవస్థీకరణ

మన డివిజన్ కార్యాలయంలో ఇకపై అర్జీలను ఊరికే చూడబోరని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతకాలం బాపట్ల నుంచి వచ్చినవారినైనా, రేపల్లె నుంచి వచ్చినవారినైనా "చూద్దాం" అనే ఒక్క మాటతో పంపేసేవారు. ఇది వెనకబాటుతనమని పై అధికారి పూర్ణచంద్రరావుగారికి తోచింది. తెనాలిలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఎబినేజర్‌గారిని పిలిపించి సిబ్బందికి మూడు రోజులు శిక్షణ ఇప్పించారు.

మన 'చూడటం' ఒక్కదానికే ఇంగ్లీషులో మూడు మాటలున్నాయని మాస్టారు చక్కగా చెప్పారు. తనంతట తానే కంటబడితే 'సీ'. పనిగట్టుకుని అటు కన్ను తిప్పితే 'లుక్'. కదిలేదాన్ని కనిపెట్టుకుని ఉంటే 'వాచ్'. పాపం, ఆయన బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పారు. పూర్ణచంద్రరావుగారు మాత్రం మర్నాడే ఆఫీసును మూడు సెక్షన్లు చేసి, ఒకరి చూపులో మరొకరు జోక్యం చేసుకోరాదని సర్క్యులర్ ఇచ్చారు.

మొదటి అర్జీ పేరమ్మది. రేపల్లె అవతల మురుగు కాలువ కట్ట పక్కనే ఆమె ఇల్లు. కట్ట బీటవేసింది. గట్టి వాన పడితే ఇల్లూ వలలూ కొట్టుకుపోతాయి.

సీ సెక్షన్ భువనేశ్వరిగారు మర్యాదగానే చెప్పారు. "ఆ బీట మా కంటబడలేదు పెద్దమ్మా. మేం వెతక్కూడదు. లుక్ వాళ్లనడుగు."

లుక్ సెక్షన్ సందీప్ జీపులో వెళ్లాడు. కట్ట వైపు కన్ను తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పుకుని వచ్చేశాడు. ఫైలు ముగిసింది.

వాచ్ సెక్షన్ సుందరయ్యగారిది. "కట్ట కదలట్లేదు కదమ్మా. కదిలితే కబురు పెట్టు, వస్తాం."

"కదిలాక ఇంకేముంటదండి బాబూ," అంది పేరమ్మ.

గురువారం వాన పడింది, కట్ట కదిలింది, పేరమ్మ కబురు పెట్టింది. వాచ్ సెక్షన్ వారు గొడుగులతో సహా సకాలంలో చేరుకుని, చివరిదాకా చూశారు. ఇల్లు పూర్తిగా పోవడానికి పదకొండు నిమిషాలు పట్టిందట. ఇంత కచ్చితమైన నివేదిక మన డివిజన్‌లో మునుపెన్నడూ లేదు.

నిన్న తెనాలిలో మాస్టారికి సన్మానం జరిగింది. "ఈ విపత్తులో ఏ సెక్షనూ విధి తప్పలేదని సగర్వంగా ప్రకటిస్తున్నాను," అన్నారు పూర్ణచంద్రరావుగారు. చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి పేరమ్మ లేచింది.

"మాస్టారూ, చూసినాక చేసేదానికి ఇంగ్లీషులో మాట లేదాండి?"

శాలువా కప్పుకున్న మాస్టారు తల దించుకున్నారు. సిగ్గుపడింది ఆయనొక్కరే. "ఉందమ్మా. వీళ్లు నన్ను పిలిచింది మూడు రోజులకే."

సభకు వచ్చిన మనమందరం ఆమె వైపు ఎంతో జాలిగా చూశాం. టిఫిన్ చల్లారిపోతోందని ఎవరో అన్నారు. లేచాం.