కుడివైపు బండికే ముందు దారి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివర కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి, నవ్వంతా ఆ సగంలోనే ఉంటుంది. నెమ్మది మాస్టారి సంఘం పేరు మార్చుకున్న రోజు సంగతి చెబుతాను.

నెమ్మది మాస్టారంటే కారు నడపడం నేర్పే మాస్టారు. ఊళ్లో స్టీరింగు పట్టిన ప్రతివాడూ మొదటి తిట్టు ఆయన దగ్గరే తిన్నాడు. ఆయన బండి ఎంత నిదానమంటే, వెనక నడిచి వచ్చేవాళ్లు కూడా విసుగుపుట్టి దాటిపోయేవారు. ఆయన పుణ్యమా అని భార్యకు కూడా నెమ్మదమ్మ అనే పేరు స్థిరపడింది. ఆవిడలో నెమ్మది ఆ పేరు వరకే.

ఊళ్లో డ్రైవింగు నేర్పేవాళ్లందరికీ ఒక సంఘం ఉండేది. ‘మోటారు వాహన చోదక శిక్షకుల పరస్పర సంక్షేమ సంఘం’. అంత పేరూ బోర్డులో పట్టక, చివరి ‘సంఘం’ గోడ మీద రాయించారు. టైర్ల దుకాణం పైన గది వాళ్లది. ఒక పొడుగు బల్ల, నాలుగు ఊగే కుర్చీలు, రోడ్డు గుర్తుల పటం, ఎప్పుడూ వదలని రబ్బరు వాసన. సాయంత్రమైతే అక్కడ చేరి క్లచ్చు గొప్పదా బ్రేకు గొప్పదా అని గొంతులు చించుకునేవారు. అధ్యక్షుడు మన మాస్టారే. ఆయన ఇంట్లో నిద్రపోయేవారు, ఆ గదిలో బతికేవారు.

అయితే సభ్యులు పట్టుమని పదిమంది లేరు. కొత్తగా స్కూళ్లు పెట్టిన కుర్రాళ్లెవరూ మెట్లెక్కడం లేదు. చివరికి కింది దుకాణం షావుకారు వచ్చి చెప్పేశాడు. "మాస్టారూ, నెలాఖరుకి ఈ గది నిండా మనుషుల్ని చూపించండి. లేదంటే గది నిండా టైర్లు పెట్టుకుంటాను. టైర్లయితే పోట్లాడుకోవు కూడాను."

మర్నాడు పొద్దున్నే మాస్టారింట్లో ఆయన బావమరిది టీ గ్లాసు పట్టుకుని పంచాయితీ పెట్టాడు. అతనూ డ్రైవింగు మాస్టారే, సంఘానికి కార్యదర్శి.

"బావా, ముందు పేరు మార్చాలి. మన పేరు చదవడం పూర్తయ్యేలోపు కుర్రాళ్లకి పెళ్లిళ్లయిపోతున్నాయి. ‘స్పీడ్’ అని పెడదాం."

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ మాట మన బోర్డెక్కదు."

"పోనీ ‘దారి’. పొట్టిగా, ముద్దుగా ఉంది."

"దేనికి దారి అని అడిగితే?"

"టైర్లకి" అంది నెమ్మదమ్మ. "మీరిలా మాట్లాడుకుంటూ కూర్చుంటే ఆ గది టైర్లకే దారి. ఒరేయ్ తమ్ముడూ, ఆ గది పోయిందంటే మీ బావ రోజంతా ఇంట్లోనే ఉంటారు. కూర కలపడానికి కూడా సిగ్నల్ ఇమ్మంటారు. నీకు పుణ్యముంటుంది, ఎలాగైనా గట్టెక్కించు."

అక్క కోసమని బావమరిది, బావ చేత ‘దారి’ పేరుకి ఊ అనిపించి, పెద్ద ఎత్తే వేశాడు. సభ్యుల కార్లన్నిటి మీదా ‘దారి’ అని రంగుల్లో రాయిస్తారు. అవి ఊరి నాలుగు కొసల నుంచీ బయలుదేరి, నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలిలో కలుసుకుని, వరసగా సంఘం గదికి చేరుకుంటాయి. చూసినవాళ్లు ఆగుతారా? వెంట పడి వచ్చి చేరిపోతారు. గదిలో సభకు ముఖ్య అతిథి, రోజూ ఆ కూడలిలో నిలబడి బండ్లను ఆపి పంపే పోలీసాయన. ఆయనైతే సంఘానికి గౌరవం అనుకున్నారు. ఆయన గదిలో కూర్చుంటే కూడలిలో ఎవరుంటారన్న ఆలోచన ఒక్క బుర్రకూ తట్టలేదు.

అనుకున్న నెలాఖరు రోజు రానే వచ్చింది. మాస్టారు నేర్పే కారే తీశారు. దానికి పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. నెమ్మదమ్మ ఎక్కగానే దాని మీద కాలు పెట్టింది.

"అది తొక్కకు."

"మరి నా వైపెందుకు పెట్టించారు?"

సంఘం పుట్టాక మొట్టమొదటిసారి అందరూ వేళకు వచ్చారు. అదే కొంప ముంచింది. నాలుగు రోడ్ల నుంచీ నాలుగు కార్లు ఒక్కసారే కూడలికి చేరి, ఒక్కసారే ఆగాయి. కూడలిలో కుడివైపు బండికే ముందు దారి ఇవ్వాలని వాళ్లు ఊరందరికీ నేర్పిన పాఠం. మాస్టారికి కుడివైపున బావమరిది. బావమరిదికి కుడివైపున, సంఘంలో అందరికన్నా వయసైన పెద్ద మాస్టారు. పెద్ద మాస్టారికి కుడివైపున కళ్లద్దాల మాస్టారు. కళ్లద్దాలాయనకు కుడివైపున ఎవరనుకున్నారు? మన నెమ్మది మాస్టారే!

మాస్టారు చిరునవ్వుతో చెయ్యి చూపించారు. బావమరిది అంతకన్నా మర్యాదగా అవతలికి చూపించాడు. అలా మర్యాద నాలుగు రోడ్లూ గిర్రున తిరిగి మాస్టారి ఒళ్లోకే వచ్చి పడింది. బండి మాత్రం ఒక్కటీ కదలలేదు.

"పోరా!" అని అరిచారు మాస్టారు.

"ఎలా పోను బావా? నా కుడి పక్కన పెద్దాయనున్నారు!"

"అయితే వెనక్కి జరుగు!"

"వెనక బస్సుంది!"

"ఎవరో ఒకరు కదిలి చావండి" అంది నెమ్మదమ్మ.

"అలాగెలా కదుల్తానే? వెనక ఆగినవాళ్లలో సగంమంది నా శిష్యులు. పాఠం చెప్పిన నోటికి, తప్పు చేసిన చేతికి ఒకడే యజమానైతే రేపు నా మొహం ఎవరు చూస్తారు?"

వెనక వచ్చిన ప్రతి బండీ ఆగింది. హారన్లతో చెవులు చిల్లులు పడ్డాయి. ‘దారి’ అని రాసుకుని దారి మూసేశారు, ఇదేదో సమ్మె అన్నాడొకడు. సమ్మె కాదు, పెద్దవాళ్లెవరో వస్తున్నారని బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ మాట విని వెనకవాళ్లు చొక్కాలు సర్దుకున్నారు. అక్కడ గదిలో ఒంటరిగా బిస్కెట్లు తింటున్న పోలీసాయన కబురు విని మోటారు సైకిలు మీద పరుగున వచ్చాడు. అయితే ఆయనా మాస్టారి శిష్యుడే. వరస తప్పి ముందుకు రాకూడదని చివరి లారీ వెనక బుద్ధిగా నిలబడ్డాడు. ఖాళీ అయిన గదిలోకి షావుకారు మొదటి టైరు దొర్లించుకుంటూ వెళ్లాడు.

ఇంతలో ప్రతి బండిలోనూ పక్క సీటు తలుపు తెరుచుకుంది. భార్యలు, భర్తలు, అత్తలు, మామలు దిగారు. "ఎడమకి కొట్టు!" అని ఒకరు, "నిన్నే, కాస్త వెనక్కి!" అని ఒకరు. ఎవరి బండికి వాళ్లు, ఊరుకోలేక పక్క బండికీ సలహాలు.

నెమ్మదమ్మ కొంగు దోపుకుని నడికూడలిలో నిలబడింది.

"తమ్ముడూ, ముందు నువ్వు కదులు."

"అక్కా, రూలు..."

"అమ్మకి ఫోన్ చెయ్యమంటావా?"

కారు కదిలింది.

"పెద్ద మాస్టారూ, ఇప్పుడు మీరు. కళ్లద్దాల బాబూ, ఆయన వెనకాలే నువ్వు. ఏవండీ, మీరు చివర రండి. మీకెలాగూ అలవాటేగా!"

దారం కొస దొరికిన చిక్కులా నాలుగు రోడ్లూ విడిపోయాయి. రోడ్డంతా చప్పట్లు. పక్క సీట్ల జనం ఇళ్లకు పోలేదు సరికదా, ఆవిడ వెంటే గది మెట్లెక్కారు. షావుకారు రెండో టైరుతో మెట్ల మధ్యలో ఇరుక్కుపోయాడు.

"మమ్మల్నీ చేర్చుకోండి" అంది ముందు నిలబడ్డ ఒక అత్తగారు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఇది నేర్పేవాళ్ల సంఘమమ్మా. మీకు బండి నడపడం వచ్చా?"

"రాదు. కానీ మా అల్లుడు బండి కొన్న దగ్గర్నుంచీ పక్కన కూర్చుని నేర్పుతూనే ఉన్నా."

"మా ఆవిడ నడిపితే బ్రేకు తొక్కేది నేనే సార్" అన్నాడు ఇంకొకాయన. "మా కారులో నా వైపు బ్రేకు లేదు. అయినా తొక్కుతా."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, సభ్యుడంటే ఎవరని మన రూలు?"

మాస్టారు రూలు అప్పజెప్పారు. "నడిపేవాడి పక్కన కూర్చుని నేర్పేవాడు."

"మరి వీళ్లు కూర్చునేది డిక్కీలోనా?"

రూలు తప్పడం మాస్టారి ఒంట్లో లేదు. అందరినీ చేర్చుకున్నారు. గది నిండింది, మెట్లు నిండాయి. షావుకారు కూడా చేతిలో టైరుతోనే సభ్యుడయ్యాడు, కొడుకు కారు నడిపినప్పుడల్లా అరిచేది ఆయనే మరి. కొత్త పేరు ‘పక్క సీటు సంఘం’ అని ఆ పూటే ఖాయమైంది, అధ్యక్షురాలు నెమ్మదమ్మ. అంతమందికి పైగది చాలక సభలు కింద దుకాణంలోకి దిగాయి, టైర్లు పైకెక్కాయి. షావుకారు అడిగిందీ జరిగింది, మాస్టారు కోరిందీ జరిగింది. ఇప్పటికీ ఎవరికి వారు తామే గెలిచామంటారు.

మరిచిపోకుండా గుర్తుపెట్టుకుని, ఈ కథ మీ వాళ్లకూ చెప్పండి. కారులో చెప్పాల్సి వస్తే మాత్రం వెనక సీటువాళ్లకే చెప్పండి. నడిపేవాడికి వినడానికి ఇప్పటికే చాలా ఉంది.