పంక్తికో అంగుళం దిగిన మైకు

అనంతంగా తిరిగే కాలచక్రం ఒకానొక సాయంత్రం ఐదు గంటల పదిహేడు నిమిషాలకు చేరి, సకల భువనాల్లోనూ ఒక గ్రంథాలయపు మేడమీది హాలును, ఆ హాలులో డెబ్బై నాలుగు కుర్చీలను, వాటిలో నలభై ఒకటి నిండి ఉండటాన్ని గమనించి, ఇక్కడ జరగబోయేది చూడనిదే కదలరాదని క్షణకాలం ఆగిన వేళ, ఒక జాజ్ గాయకుడికీ ఒక మైకు స్టాండుకూ మధ్య నాలుగు నిమిషాలు సాగిన మహాసంగ్రామం చెబుతాను, శ్రోతలారా, చెవులిటు వేయండి.

గాయకుడు గిటారుధారి. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. తోటివాళ్లు నిచ్చెన అంటారు. ఆనాడు అతను పాడుతున్నవి పట్టుగొంతాయన పాటలు. ఆ పట్టుగొంతాయన పోయి ఇరవై ఏళ్లయింది. బతికుండగా ఏ వేదిక మీదా గొంతు పెంచి ఎరగడు. మైకుకు నాలుగు వేళ్ల దూరంలో నిలబడి, పక్కవాడి చెవిలో చెబుతున్నట్టు పాడేవాడు.

ముందు వరుసలో మూడో కుర్చీలో ఆయన చెల్లెలు కూర్చుంది. డెబ్బై తొమ్మిదేళ్లు. ఇదివరకు ఆరుగురు గాయకులు ఆయనకు నివాళి సమర్పించారు. ఆరుసార్లూ ఆమె చివరి పాట చివరి చరణంలో చేతిసంచీ తీసుకుని లేచి వెళ్లిపోయింది. అక్కడికొచ్చేసరికి ఆరుగురూ అరిచారు. ఏడోవాడికి రెండు వారాల ముందే షరతు చెప్పింది.

"చూడు బాబూ. చివరిదాకా నేను కూర్చున్నాననుకో, అన్నయ్య పాటలు ఇక నువ్వు పాడుకో. లేచి వెళ్లిపోయాననుకో, మళ్లీ వాటి జోలికి రాకు."

"అలాగేనమ్మా," అన్నాడు నిచ్చెన. తొమ్మిదేళ్లుగా ఆ పాటలు తప్ప మరొకటి పాడనివాడు అంతకన్నా ఏమనగలడు?

ఇక వీరుడి స్వయంకృతం. ఆ మధ్యాహ్నం మూడింటికి, మైకులు సరిచూస్తున్నప్పుడు, పొడుగు స్టాండు కీచుమంది. గుసగుసల పాటలో కీచు వినిపిస్తే ప్రళయమేనని తలచి, గిటారు మెడకు రాసే నూనెసీసా తీసి, పైగొట్టం కిందిగొట్టంలోకి దిగే మర దగ్గర మూడు చుక్కలు వేశాడు. బాస్ అనే నిలువెత్తు తీగవాద్యం వాయించే బావమరిది అది చూశాడు.

"బావా, ఆ మర బిగువు మీదే కదా అది నిలబడేది?"

"కీచుమంటే ఆవిడ లేస్తుందిరా."

"నూనె పోస్తే ఇది కూర్చుంటుంది."

"నీ బాస్ సంగతి నువ్వు చూసుకో."

మొదటి పది పాటలూ అతను కుర్చీలో కూర్చుని, పొట్టి స్టాండుతో పాడాడు. చివరిదైన పదకొండోది నిలబడి పాడాలి. పట్టుగొంతాయన నియమం అది. పొడుగు స్టాండును అరవై ఆరు అంగుళాలకు ఎత్తి, మర బిగించి, ముప్పై రెండు పంక్తుల పాటలో మొదటి పంక్తి అందుకున్నాడు.

స్టాండు ఒక అంగుళం దిగింది.

రెండో పంక్తికి రెండో అంగుళం. కుడిచేయి తీగల మీద, ఎడమచేయి గిటారు మెడ మెట్ల మీద బందీలై ఉండగా, మంద్రస్వరవ్రతుడు మెడ వంచాడు. ఐదో పంక్తికి నడుము వంచాడు. తొమ్మిదో పంక్తికి మోకాళ్లు వంచి, కనిపించని కుర్చీలో కూర్చున్నవాడిలా పాడుతూ, మనసులో ఇలా గర్జించాడు: "ఓరీ లోహదండాధమా! తైలపానమత్తుడవై పాతాళానికి పయనమైతివా! పొమ్ము! నీవు పోయినంత దూరమూ నా పెదవులు నిన్ను వెంటాడును! నాలుగు వేళ్ల దూరము ఐదు కానేరదు!"

హాలు వెనక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ధ్వనియంత్రాధిపతి ఇదంతా ప్రదర్శనలో భాగమనుకున్నాడు. బొటనవేలెత్తి చూపించి, లైటును కూడా కొంచెం కిందికి దించాడు.

పదహారో పంక్తి ముగిసేసరికి మైకు యాభై అంగుళాల దగ్గరుంది, నిచ్చెన ఒక మోకాలి మీద ఉన్నాడు. అక్కడ గిటారు మాత్రమే మోగే విరామం వచ్చింది. నోటికి సెలవు దొరికింది గాని చేతులకు లేదు. ఉభయ వీరులూ మంతనాలాడారు.

"బావా, దిగిపోతోంది."

"కనపడుతోందిరా."

"కాలితో ఆపనా?"

"నీ కాలు ఇక్కడిదాకా వస్తుందా?"

బావమరిది కాలు చాచాడు. రెండంగుళాలు తక్కువైంది. ఈలోగా అతని భుజాన ఆనుకుని ఉన్న ఆరడుగుల బాస్ పక్కకు వాలింది. దాన్ని తలతో ఆపి, తాళం తప్పకుండా, మళ్లీ అన్నాడు: "గొంతు పెంచి పాడెయ్ బావా! హాలెంతని?"

"పెంచితే ఆవిడ వెళ్లిపోతుంది."

"అలా వంగి వంగి చస్తావా మరి?"

"చస్తే చివర్లో చస్తాలే, నువ్వు వాయించు."

ఇరవయ్యో పంక్తికి రెండు మోకాళ్లూ నేలకు తగిలాయి. ఇరవై ఎనిమిదో పంక్తికి మడమల మీద కూర్చున్నాడు. గిటారు తొడల మీదికి వచ్చింది. వేదిక అంచున రెండు స్పీకర్లున్నాయి. వాటి వెనక వీరుడు జనం కంటికి పూర్తిగా అస్తమించాడు.

ఇరవై తొమ్మిదో పంక్తిలో ముందు వరుస మూడో కుర్చీ కదిలిన చప్పుడైంది.

రెండు స్పీకర్ల మధ్య జానెడు సందుంది. అందులోంచి నిచ్చెనకు ఒక చేతిసంచీ లేవడం, రెండు చెప్పులు నడవడం కనిపించాయి. బావమరిది కళ్లు మూసుకున్నాడు. ఆమె వెళుతున్నప్పుడు ఇక ఎవరికోసం గుసగుస? లేచి నిలబడి, ఆరడుగుల రెండంగుళాల ఎత్తునుంచి, అరిచి పాట ముగించవచ్చు. కాళ్లు కూడా అదే కోరుతున్నాయి. తొమ్మిదేళ్ల సాధన ఒకవైపు, రెండు మోకాళ్లు మరొకవైపు. అతను కళ్లు మూసుకుని, వెళ్లిపోతున్న చెప్పులకు వినిపించకపోయినా సరేనని, ముప్పయ్యో పంక్తిని అంతకుముందు కన్నా మెల్లగా పాడాడు.

ముప్పై రెండో పంక్తి చివరి స్వరం పన్నెండు సెకన్లు నిలిచింది. గొట్టం గొట్టంలో పూర్తిగా దిగి టక్కుమంది. కళ్లు తెరిచాడు.

వేదిక మెట్టు మీద, రెండు బారల దూరంలో, ఒళ్లో సంచీ పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది.

"లేచారు కదమ్మా," అన్నాడు నిచ్చెన.

"నువ్వు కనపడకుండా పోతే లేవనా? వెళ్లిపోతే అన్నాను గాని, లేస్తే అన్నానా?"

"కుర్చీలోంచి మెట్టు మీదికి..." అని బావమరిది ఏదో లెక్క తీయబోయాడు.

"నోర్ముయ్యరా!" అన్నాడు నిచ్చెన. ఆ సాయంత్రం అతను గొంతు పెంచింది అదొక్కసారే.

"కూర్చున్నానా లేదా?" అంది ఆమె. "మా అన్నయ్యయితే నాలుగో పంక్తికే పాట ఆపి స్టాండును తిట్టేవాడు. నువ్వు అరవలేదు. పాడుకో."

ఈ విధంగా, ముప్పై రెండు అంగుళాలు దిగి, నాలుగు వేళ్ల దూరాన్ని కాపాడి, లోహదండాన్ని పాతాళం దాకా తరిమి, గిటారుధారి జయించాడని సమస్త దిక్కులకూ చాటుతున్నాను. జయధ్వానాలతో నలభై మంది లేచి నిలబడ్డారు. ఆమె లేవలేదు. విజేత లేవలేకపోయాడు, రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి.